గట్టి బండ, గుల్ల బండ

మా ఊరి మ్యూజియంలో నేను జీతం లేకుండా గైడుగా పనిచేస్తున్నానని తెలిసినవాళ్ళు నన్ను తెగ మెచ్చుకుంటారు. రిటైరయ్యాక టీవీ ముందు కూర్చోకుండా చరిత్రకు సేవ చేస్తున్నావమ్మా అంటారు. ఒకసారి శాలువా కూడా కప్పారు. కప్పించుకున్నాను. ఇప్పుడు ఎలాగూ రాయడానికి కూర్చున్నాను కాబట్టి ఉన్నమాట చెబుతాను. నేనక్కడ చేరింది ఒక మనిషి మీద కక్షతో. పదమూడేళ్ళ వయసులో కడుపులో పడ్డ కక్ష అది. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు తెలుగు పాఠాలు చెప్పినా, ఓర్పు గురించీ క్షమ గురించీ లెక్కలేనన్ని వ్యాసాలు రాయించినా, అది ఇసుమంత కూడా తగ్గలేదు. ఆ మనిషి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ పేరు ఇంకోచోట అచ్చయినట్టవుతుంది, ఆ మర్యాద ఆయనకు నా చేతుల మీదుగా జరగకూడదు.

మ్యూజియం అంటే పెద్దదేమీ కాదు. గోదావరిఖనిలో ఎప్పుడో ఖాళీ అయిన ఒక పాత ఆఫీసు భవనంలో, ఊరి పెద్దమనుషులు కొందరు కలిసి పెట్టుకున్న నాలుగు గదులు. ఒకదాంట్లో తట్టలు, పారలు. ఒకదాంట్లో దీపాలు, టోపీలు, హాజరు బిళ్ళలు. మూడోది నకిలీ బాయి. మా వైపు బొగ్గుగనిని గని అనరు, బాయి అంటారు. నాలుగో గది తలుపు మీద 'భద్రత' అని రాసి ఉంటుంది. ప్రారంభోత్సవం రోజు రిటైర్డు టీచర్నని నన్నూ పిలిచారు. కొబ్బరికాయ కొట్టాక అందరితో కలిసి గదులు తిరుగుతూ నాలుగో గదిలోకి వెళ్ళాను. ఎదురుగా గోడ మీద ఆయన ఫొటో. నల్లకోటు, పక్కపాపిడి, కింద 'కార్మికుల క్షేమమే తన క్షేమమనుకున్న అధికారి' అని బంగారు రంగు అక్షరాలు. ఆ ఫొటో కిందే గాజుపెట్టెలో గోధుమరంగుకు తిరిగిన ఒక ఇంగ్లీషు కాగితం. దాని చివర వంకరటింకరగా, ఒక్కో అక్షరం ఒక్కో ఎత్తులో, తెలుగులో మా బాపు సంతకం, మా నాన్నది. పక్కన చిన్న అట్టముక్క మీద 'ప్రమాద నివేదిక, నమూనా' అని రాశారు. ఎవరో పాత కాగితాల కట్టలోంచి తీసి, చేతిరాత ముద్దుగా ఉందని పెట్టారట. మా బాపు బతుకంతా కూల్చిన కాగితం వాళ్ళకు నమూనా. ఆ రాత ఎవరిదో నాకు తెలుసు, ఫొటోలో ఉన్న ఆయనదే. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, వారానికి నాలుగు రోజులు ఉచితంగా గైడుగా వస్తానని చెప్పాను.

మ్యూజియం చూసుకునే అమ్మాయి సంధ్య, డిగ్రీ అయిన శ్రీరాంపూర్ పిల్ల. నాకు ఏ గదిలో ఏం చెప్పాలో రాసున్న నాలుగు పేజీలిచ్చింది. మూడు గదుల దాకా అందులో ఉన్నదే చెప్పేదాన్ని. నాలుగో గదిలోకి రాగానే పేజీలు మడిచి సంచిలో పెట్టేదాన్ని. "ఈ ఫొటోలో ఉన్నాయన ఒక రోజు, బండ కూలుతుందని చెప్పిన మనిషి మాట వినలేదు. ఒకరు చచ్చిపోయారు. ఆ తప్పును, ముందే చెప్పిన ఆ మనిషి మీదికే నెట్టాడు. ఇదిగో ఆ కాగితం" అని గాజుపెట్టె మీద వేలు పెట్టి చూపించేదాన్ని. పిల్లలకు చెప్పాను, పెళ్ళికొచ్చి కాలక్షేపానికి వచ్చినవాళ్ళకు చెప్పాను, జ్యోతినగర్ కరెంటు కంపెనీ కాలనీ నుంచి కార్లలో వచ్చిన ఇంజనీర్ల భార్యలకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ గొంతులో తియ్యగా ఉండేది. సంధ్య తలపట్టుకునేది. "గట్ల చెప్పకుర్రి మేడం, ఎవలన్న కమిటీకి చెప్తే నన్నంటరు. బోర్డు మీద రాసింది చెప్తే సరిపోతది గదా" అనేది. "ఆ బోర్డు రాసినోడు బాయిల దిగిండా బిడ్డా?" అని అడిగేదాన్ని. బండ కూలుతుందని చెప్పిన ఆ మనిషి మా బాపు అని మాత్రం ఎవరికీ చెప్పలేదు, సంధ్యకు కూడా.

మా బాపు టింబర్‌మ్యాన్. బొగ్గు తవ్వినచోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. నిలబెట్టేముందు ఇనుప మొన ఉన్న కర్రతో పైబండను కొట్టి చూడాలి. గట్టి బండ కంగుమంటుంది, లోపల పొర విడిన బండ డబ్బుమంటుంది. ఆ రెంటికీ మధ్య ఇంకా ఎన్నో చప్పుళ్ళు ఉంటాయనీ, అవి చెబితే వచ్చేవి కావనీ బాపు అనేవాడు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేది. మా కంపెనీ క్వార్టరులో ఆయన వేలి కణుపుతో కొట్టి చూడని వస్తువు లేదు. కొత్త కుండ కొంటే బజారులోనే కూర్చుని పదిహేను కుండలు వాయించేవాడు, కుమ్మరాయన మొత్తుకునేవాడు. కలింగర పండు, అంటే పుచ్చకాయ, కొట్టి చూసి కొంటే ఒక్కటి కూడా తెల్లగా వచ్చేది కాదు. అన్నం తినేటప్పుడు కంచం అంచు మీద, పడుకునేటప్పుడు గోడ మీద ఓ రెండు దెబ్బలు. "ఇల్లు పడిపోతదా ఏంది, అన్నిటినీ కొడ్తవు?" అని అవ్వ, మా అమ్మ, కసిరేది. బాపు నవ్వేవాడు. రెండో షిఫ్టు దిగి వచ్చే వేళకు అవ్వ బొగ్గుల పొయ్యి మీద కాగు నిండా నీళ్ళు మరగబెట్టేది. వాకిట్లో బండ మీద కూర్చోబెట్టి, కొబ్బరిపీచుతో వీపు రుద్దేది. మొదటి మూడు చెంబులకు నల్లటి నీళ్ళు మోరీలోకి పారేవి, నాలుగో చెంబుకు మనిషి బయటికి వచ్చేవాడు. కళ్ళ అంచుల్లో నలుపు మాత్రం పోయేది కాదు, కాటుక పెట్టుకున్నట్టుండేది. ఆ వేడినీళ్ళ ఆవిరి, బట్టల సబ్బు, పొయ్యిలో కాలే బొగ్గు, పచ్చిపులుసులో వేసిన ఉల్లిగడ్డ, అన్నీ కలిసిన వాసన మా ఇంటి వాసన. స్నానమయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కళ్ళు మూయించి, గోడమీదా తలుపుమీదా కొడుతూ "గట్టిదా, గుల్లదా?" అని అడిగేవాడు. నేను తప్పు చెబితే "బాయిల ఉంటే సచ్చిపోదువు బిడ్డా" అని నెత్తి మీద మొట్టికాయ వేసేవాడు.

మా క్వార్టరుకు రెండిళ్ళ అవతల కొమురయ్య కాక ఉండేవాడు. బాపు దుంగలు పెట్టిన చోట ఆయన బొగ్గు ఎత్తేవాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే రోజు బాయిలో చేరారు, ఒకే టిఫిన్ డబ్బాలో తినేవారు. ఆయన భార్య రాజవ్వ చిన్నమ్మ సర్వపిండి కాలిస్తే మొదటిది మా ఇంటికే వచ్చేది. ఆ రోజు జరిగింది నేను చూడలేదు. దవాఖాన నుంచి వచ్చాక బాపు అవ్వకు చెబుతుంటే, పక్కగదిలో పడుకున్నట్టు నటిస్తూ విన్నాను. తవ్వకం ముందుకు పోయింది, దుంగల బండి రాలేదు. బాపు కొట్టి చూశాడు, జాగా మార్చి మళ్ళీ కొట్టి చూశాడు. "బండ గుల్లగున్నది సార్. దుంగలొచ్చేదాక ఎవలూ పోవద్దు" అన్నాడు. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన అండర్ మేనేజరు, అంటే ఫొటోలో ఉన్న ఆయన, బాపు చేతిలోంచి కర్ర గుంజుకుని తానే రెండు దెబ్బలు కొట్టాడు. "గట్టిగానే ఉంది. భయపడేవాళ్ళు ఇంటికి పోండి, మిగతావాళ్ళు పని చెయ్యండి" అన్నాడు. కొమురయ్య కాక తట్ట పట్టుకుని కదిలాడు. బాపు ఆయన్ను గుంజుకురావడానికి వెనకే పోయాడు. బండ కూలి బాపుకు కాలు మీద పడింది. కాక మొత్తం కిందే ఉండిపోయాడు. "చెయ్యి అందిందే, అంగీ అందింది. మనిషి రాలే" అని బాపు ఏడుస్తుంటే, ఒక మగమనిషి అలా ఏడవడం నేను మొదటిసారి విన్నాను.

తర్వాత నాలుగు రోజులకు బాపు మంచంలో ఉండగా ఆఫీసు క్లర్కు ఒకాయన ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. బాపుకు సంతకం చెయ్యడం ఒక్కటే వచ్చు, అదీ నేను నేర్పిందే. కాగితం ఇంగ్లీషులో ఉంది. క్లర్కు చదివి చెబుతానన్నాడు. బాపు వద్దన్నాడు. ఆ వద్దనడంలో ఎంత గర్వముందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "మా బిడ్డ ఇంగ్లీషు చదువుతది. కంపెనీ బడిల ఎనిమిదో తరగతి" అని నన్ను పిలిచాడు. నేను ఆ బడిలో ఆఫీసర్ల పిల్లల మధ్య వెనక బెంచీలో కూర్చునేదాన్ని, ఇంగ్లీషు పీరియడులో టీచరు కంట పడకుండా తలకాయ దాచుకునేదాన్ని. కాగితం మీద కలిపి రాసిన రాత. రూఫ్ అనే మాట తెలిసింది, గుడ్ అనే మాట తెలిసింది, బాపు పేరు తెలిసింది. మిగతాదంతా గీతలు. క్లర్కు నన్నే చూస్తున్నాడు. అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నిలబడింది. "ఏం రాసిండ్రు బిడ్డా? నేను చెప్పినట్టే రాసిండ్రా?" అని బాపు అడిగాడు. నాకు రావట్లేదు బాపూ అనడానికి నోరు రాలేదు. ఆయన ముఖంలో ఆ గర్వం అలా ఉండగా ఎలా అనను? "నువ్వు చెప్పినట్టే రాసిండ్రు" అన్నాను. ఆయన సంతకం పెట్టాడు. టింబర్‌మ్యాన్ పైకప్పు పరీక్షించి బాగుందని చెప్పాకే మనుషులు లోపలికి వెళ్ళారని ఆ కాగితంలో ఉందట, విచారణప్పుడు తెలిసింది. పైకప్పు బాగుంది, అదే నాకు తెలిసిన ఆ రెండు మాటలు.

అక్కడున్న మిగతా కార్మికులు ఉద్యోగ భయంతో నోరు విప్పలేదు, విచారణలో తప్పు బాపు మీద పడింది. కాలు నయమయ్యాక ఆయన్ను కిందికి దింపలేదు, బాయి పైన చెత్త ఊడ్చే పనికి వేశారు. రాజవ్వ చిన్నమ్మ మా వాకిట్లో నిలబడి, పిడికెడు మన్ను తీసి మా గడప మీద కొట్టింది. "నా మనిషి నిన్ను నమ్మి పోయిండు. బండ మంచిగున్నదని నువ్వే చెప్తివంట గదా, నీ నోట్లె మన్నువడ" అని తిట్టింది. బాపు వంగి ఆ మన్ను తుడిచాడు. తర్వాత ఆమె క్వార్టరు ఖాళీ చేసి పుట్టింటికి పోయింది. ఆమెకు అసలు సంగతి ఎవరూ చెప్పలేదు, ఆమె అది నమ్మే చచ్చిపోయింది. నన్ను బాపు ఒక్కనాడు కూడా ఏమీ అడగలేదు, మందలించలేదు, నా చదువు మానిపించలేదు. కానీ ఆ తర్వాత ఆయన దేన్నీ కొట్టి చూడలేదు. కుండలు అవ్వే కొనేది, పగిలినవి వచ్చేవి. కలింగర పండ్లు తెల్లగా వచ్చేవి, ఎవరం ఏమీ అనకుండా తినేవాళ్ళం. ఇంట్లో ఆ చప్పుడు లేకపోవడం ఎంత పెద్దదో ఎలా చెప్పను. అప్పట్లో నా మీద నాకున్న కోపం మొయ్యలేక అంతా తీసుకెళ్ళి ఆ మనిషి మీద పెట్టాను. అది తప్పు అడ్రసు కాదు కాబట్టి నాకు సుఖంగానే ఉండేది. పైగా బాపు మీద కూడా కొంచెం ఉండేది. విచారణలో నోరు తెరిచి నిజం చెప్పకుండా గొర్రెలాగా ఎందుకు నిలబడ్డాడని.

ఇప్పుడు టింబర్‌మ్యాన్లు లేరు. పైకప్పుకు ఇనుప బోల్టులు దిగ్గొడతారు, చాలాచోట్ల బాయిలే లేవు, నేల పైనుంచే తవ్వుకుంటూ పోతున్నారు. మా పాత క్వార్టర్ల వరసలో సగం తలుపులూడి ఉన్నాయి. వేడినీళ్ళు స్విచ్చేస్తే వస్తాయి, వీపు రుద్దేవాళ్ళు అక్కర్లేదు. మంచిదే, ఇప్పటి పిల్లలు నాన్న ఇంటికొస్తాడా రాడా అని సైరన్ కోసం చెవులు పెట్టుకుని కూర్చోవట్లేదు. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. బాపుకు తెలిసిన విద్య మాత్రం ఎక్కడో ఒకచోట మిగలాలని, కమిటీ వాళ్ళను వేధించి నకిలీ బాయిలో ఒక పని చేయించాను. పైకప్పులో సగం నిజమైన బండలు పెట్టించి, సగం చెక్క మీద సున్నం పూయించి, మొత్తానికి ఒకే నల్లరంగు వేయించాను. చూస్తే తేడా తెలియదు. కర్రతో కొడితే చిన్నపిల్లలక్కూడా తెలుస్తుంది.

పోయిన చలికాలం, మందమర్రి నుంచి రిటైరైన కార్మికులు పదిమంది మ్యూజియం చూడటానికి వచ్చిన రోజే, ఫొటోలో ఉన్న ఆయన వచ్చాడు. జ్యోతినగర్‌లో ఇంజనీరుగా ఉన్న కొడుకు కారులో తీసుకొచ్చాడు. ఎనభై దాటిన మనిషి, చేతికర్ర, చెవికి యంత్రం. ఫొటోలోని పక్కపాపిడి మాత్రం అలాగే ఉంది. సంధ్య నా ముఖం చూసి భయపడిపోయి, "మేడం, ఇయ్యాల నేను చెప్తలేండ్రి, మీరు కూసోండ్రి" అంది. కూర్చోనని చెప్పాను. నలభై ఏళ్ళకు పైగా నేను అద్దం ముందు పలికి చూసుకున్న మాటలున్నాయి. వాటిలో చివరిది, ఆ కాగితం మీద సంతకం పెట్టినాయన బిడ్డను నేను. అది నాలుగో గదిలో, ఆయన ఫొటో కింద, అందరి ముందూ అనాలి.

నకిలీ బాయిలోకి వెళ్ళగానే కర్ర తీసి ఆయన చేతికిచ్చాను. "అనుభవం ఉన్నవాళ్ళు మీరు. ఎక్కడ గట్టిదో ఎక్కడ గుల్లదో కొట్టి చెప్పండి సార్" అన్నాను. కొడుకు ఫోను తీసి వీడియో పట్టాడు. ఆయన సరదాగా నవ్వి, సరిగ్గా చెక్క ఉన్నచోట రెండు దెబ్బలు కొట్టాడు. డబ్బు డబ్బుమంది.

"గట్టిగానే ఉంది" అన్నాడు.

మందమర్రి వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒక ముసలాయన ఆగలేకపోయాడు. "అయ్యో సార్, అది గుల్లది. గిది గూడ తెలుస్తలేదా? దాని కింద నిలవడితే ఇంటికి పోతమా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. కొడుకు ఫోను దించేశాడు. నాకెంత తృప్తిగా ఉందో దాచుకోను, ఒళ్ళంతా పండగలాగా ఉంది. చెవి యంత్రం పెట్టుకున్న ముసలివాడు కదా అని ఎవరైనా జాలిపడవచ్చు. నేను పడలేదు. ఆయన కర్ర నాకు తిరిగి ఇస్తూ మెల్లగా అన్నాడు: "నాకిది ఎప్పుడూ తెలిసేది కాదమ్మా. చెవులు బాగున్నప్పుడు కూడా తెలీదు. కాలేజీలో చదివాను గానీ, కొడితే నాకన్నీ ఒకలాగే వినిపించేవి. పైవాణ్ణయి ఉండి తెలీదని ఎలా అంటాను చెప్పు?"

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో ఆ క్షణంలో వెతుక్కోదలచుకోలేదు. నడవండి సార్ అని నాలుగో గదిలోకి తీసుకెళ్ళాను. ఆయన తన ఫొటో వైపు చూడలేదు. గాజుపెట్టె మీదికి వంగి, గాజు మీద వేలు జరుపుతూ లైను లైనూ చదివాడు. "ఇది నా రాతే" అన్నాడు. అదే సమయమని నోరు తెరవబోయాను. ఆయన ఆగలేదు. కొడుకుతో చెబుతున్నాడో, నాతో చెబుతున్నాడో, నీరసంగా చెప్పుకుపోయాడు.

"ఈ కాగితంతోనే నా ఉద్యోగం పోవాల్సిందమ్మా. విచారణలో పెద్దాయన అడిగాడు, ఇంగ్లీషు రాని మనిషికి ఇది ఎవరు చదివి వినిపించారని. వాళ్ళమ్మాయి చదివిందండీ, నా ఎదురుగానే అని మా క్లర్కు చెప్పాడు. అయితే ఆ పిల్లను పిలిపించండి, అర్థమై చదివిందో లేదో చూద్దాం అన్నాడు పెద్దాయన. ఆ పిల్ల వచ్చి, నాకు రాలేదండీ అని ఒక్క మాటంటే కాగితం చెల్లదు. తప్పు నా మీదికి వస్తుంది. అప్పుడా మనిషి లేచాడు, కుంటుకుంటూ. పిల్లను పిలువకుండ్రి దొరా, పిల్ల ఆ కాయిదం ముట్టలేదు, నేనే సదువుకొని సంతకం పెట్టిన అన్నాడు. నీకు ఇంగ్లీషు వచ్చా అని అడిగితే, వచ్చు అన్నాడు. అందరూ నవ్వారు. రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అదే మాట. అలాగే రాసుకున్నారు. అక్షరం ముక్క రానివాడు అలా ఎందుకన్నాడో, నన్నెందుకు బతికించాడో, నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నిద్ర పట్టనప్పుడల్లా అదే ఆలోచిస్తాను."

మందమర్రి ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను గొర్రె అనుకున్న మా బాపు, అంత మంది నవ్వుతుంటే, కట్టు కట్టిన కాలు మీద నిలబడి, తనకు ఇంగ్లీషు వచ్చని చెప్పాడు. స్నేహితుణ్ణి చంపాడన్న పేరు మోశాడు. రాజవ్వ చిన్నమ్మ మన్ను కొడితే తుడుచుకున్నాడు. నన్ను విచారణ గదిలోకి పిలవకుండా ఉండటం కోసం. నాకు ఇంగ్లీషు రాదని నలుగురి ముందూ తేలకుండా ఉండటం కోసం.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు ఈ ఊరిదానివే కదమ్మా. వీళ్ళ మనసులు నీకు తెలిసుంటాయి. ఎందుకన్నాడంటావు?" అని అడిగాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి, నిజంగానే అడుగుతున్నాడు. నేను చెబితే ఈ రాత్రి నిద్రపోతాడు.

"నాకు తెలియదు సార్" అన్నాను.

బాపు మంచం పక్కన నిలబడి ఆ రోజు నిజంగా అనాల్సిన మాట అది. ఇన్నేళ్ళకు, అబద్ధంగా, ఈ మనిషి మీద కక్షతో అన్నాను. ఆయన తల ఊపి, కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.